ఆర్డరు లేని పాట

నేను సినిమాలకు పాటలు రాయలేదు. ఈ మాట ముందే చెబితే మంచిది. సినిమా కబుర్ల కోసం చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు, నాకేం కోపం రాదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల జాతరలకు, అయ్యప్ప మాలల సీజనుకు, ఎన్నికలకు, నగల దుకాణాల ప్రారంభాలకు, సువార్త సభలకు, నాయకుల పుట్టినరోజులకు పాటలు రాసి, బాణీలు కట్టి బతికాను. పెళ్లాం బిడ్డలను ఆ పాటలే సాకాయి. ఏర్పేడు రోడ్డులో బస్సు కిటికీలోంచి మీ చెవిన పడిన పాటల్లో నావి చాలానే ఉంటాయి. వాటి మీద నా పేరుండదు. కుండ మీద కుమ్మరి పేరుంటుందా?

ఇప్పుడు మానేశాను. పాట మానలేదు, పాటల పని మానేశాను. ఈ రెండూ వేరని తెలుసుకోవడానికే నాకు సగం జీవితం పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి, ఎలా మొదలుపెట్టాలి సార్ అని అడుగుతుంటారు. మొదలుపెట్టడం కష్టం కాదు. పక్కింట్లో పిల్లాడి పుట్టినరోజుకు ఒక పాట కట్టివ్వండి, వాళ్ల బావమరిది ఇంకో పాట అడుగుతాడు, అంతే, దిగిపోయినట్టే. దిగాక ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఓపిక తక్కువగా ఉంది కాబట్టి సన్మానాలు, శాలువాల సంగతి వదిలేస్తున్నాను. శాలువాలు మా ఇంట్లో వేరుశనగ మూటల మీద కప్పడానికి బాగా పనికొచ్చాయి.

పూతలపట్టు రోడ్డు మీద పాఠం

నాకు పని నేర్పినవాడు దొరస్వామన్న. మైకు సెట్లు అద్దెకిచ్చి పైకొచ్చిన మనిషి. తిరుపతిలో టైర్ల దుకాణం మీద మేడగదిని రికార్డింగ్ గదిగా మార్చాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పాత బొంత. కింద ఎవరైనా లారీ టైరు విప్పారంటే పైన పాడుతున్న పాట మళ్లీ మొదటినుంచి పాడుకోవాల్సిందే. మధ్యాహ్నమయ్యేసరికి ఆయన భార్య సరోజమ్మ వదిన ఇంటినుంచి సంగటి, ఊరిబిండి పంపించేది. ఎంతమంది పాడుతున్నా అందరికీ సరిపోయేంత పంపేది. చెన్నైనుంచి వచ్చిన వయొలిన్ ఆయన ఒకరు, వదిన నూరిన ఆ వేరుశనగ పచ్చడి కోసమే మళ్లీ పిలవమని అడిగేవాడు.

దొరస్వామన్నకు శ్రుతి తెలియదు, రాగం తెలియదు. ఒక్క ముక్క పాడగా నేను వినలేదు. ఆయనకు తెలిసిందల్లా పాట బయట ఎలా వినిపిస్తుందనేది. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నా మొదటి ఎన్నికల పాటను చాలా గర్వంగా తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాను. పల్లవిలో ఒక ప్రశ్న వేసి, చరణంలో జవాబు చెప్పాను. గొప్ప నిర్మాణం అనుకున్నాను. ఆయన పాటను ప్రచారం ఆటోలో పెట్టించి, నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని పూతలపట్టు కూడలికి తీసుకెళ్లి నిలబెట్టాడు.

"ఈడ నిలబడు. ఆటో వస్తాది. నువ్వు పాటలు రాసేవోడివి గాదు, టమోటాలు అమ్ముకుని ఇంటికి పోతా ఉండే మనిషివి. ఏమినబడిందో చెప్పు" అన్నాడు.

ఆటో వచ్చింది. నా పాట వచ్చింది. దాని వెనకే తిరుపతి బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. బస్సు పోయేసరికి ఆటో మలుపు తిరిగింది.

"ఏమినబడింది?"

"ప్రశ్న వినిపించిందన్నా."

"జవాబు?"

"బస్సు అడ్డమొచ్చింది."

"సూసినావా? నీ జవాబు తిరపతికి పోయింది, నీ ప్రశ్న ఈడనే నిలబడింది. ఇప్పుడు ఈ మనిషి ఎవురికి ఓటెయ్యాల?"

ఆ రోజు నేర్చుకున్నది నాకు జీవితాంతం కూడు పెట్టింది. ప్రతి లైనూ తనంతట తాను నిలబడాలి. ఎక్కడ విన్నా అర్థం కావాలి, ఎక్కడ ఆగినా నష్టం ఉండకూడదు. మీరు కూడా ఇది నేర్చుకోండి, తప్పదు. కానీ దీనికి వెల ఉందని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. దారిన పోయేవాడి కోసం రాయడం అలవాటైతే, కూర్చుని వినేవాడి కోసం రాయడం మరిచిపోతాం. కొన్నేళ్లకు నా పాటల్లో మొదటి లైనుకూ చివరి లైనుకూ చుట్టరికం లేకుండా పోయింది. అయినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఊరిపేరుకు ఒక చోటు

జాతర పాటలు మాకు పెద్ద పని. ప్రతి ఊరూ తమ గంగమ్మ మీద, తమ ఊరిపేరుతో పాట కావాలంటుంది. ఎన్ని ఊళ్లకని కొత్తగా కట్టగలం? అందుకని ఒకే పాట కట్టి, అందులో ఊరిపేరుకు ఒక చోటు ఖాళీగా వదిలేసేవాళ్లం. పాడే ఆమె చెన్నైనుంచి వచ్చి పాటంతా ఒకసారి పాడేది. తర్వాత ఊళ్ల పేర్లు మాత్రం వరసగా పాడించి ఎవరి పాటలో వాళ్ల పేరు అతికేవాళ్లం.

దీన్ని మోసమని నేను అనను. చిన్న ఊళ్లకు అలా కాకపోతే పాటే ఉండేది కాదు. పైగా అందులోనూ పనితనం ఉంది. తడ అనే చిన్న పేరూ, పూతలపట్టు అనే పొడుగు పేరూ ఒకే చోట ఇమడాలి. తడ అయితే చివర రాగం తీసి సాగదీయాలి, పూతలపట్టయితే తాళం తప్పకుండా కుక్కాలి. ఆ చోటు ఎంత ఉండాలో నా చెవికి తెలిసినట్టు ఇంకెవరి చెవికీ తెలియదని దొరస్వామన్న నలుగురిలో చెప్పేవాడు. ఆ మాటకు పొంగిపోయేవాడిని. చాలా ఏళ్లు పొంగిపోయాను.

ఈ పని చెవిని పాడుచేస్తుంది. కుక్కరు విజిల్ వేస్తే తాళం లెక్క కట్టేవాడిని. ఎవరైనా తమ ఊరిపేరు చెబితే, ఊరెక్కడని అడగకముందే అది ఆ చోట్లో పడుతుందా లేదా అని చూసుకునేవాడిని. పెళ్లికి వెళితే పెళ్లికూతురి పేరు, పురుటికి వెళితే పిల్లాడి పేరు. పేరు వినగానే అది నాకు మనిషిగా కాకుండా అక్షరాలుగా వచ్చేది.

పుట్టింటి ఊరు

పూతలపట్టుకు అవతల ఒక చిన్న ఊరుంది. పేరు చెప్పను, వాళ్లకు ఇష్టం ఉండదు. పక్కనున్న పెద్దూరి గంగమ్మకు ఈ ఊరు పుట్టిల్లు. పెద్దూరి జాతరకు ముందు అమ్మవారిని ఘటం రూపంలో ఇక్కడికి తెచ్చి, పెరుగన్నం పెట్టి, కొత్త చీర, గాజులు, పసుపు కుంకుమ ఇచ్చి, సారెతో మళ్లీ సాగనంపుతారు. రెండు ఊళ్లూ మా దగ్గర పాట చేయించుకున్నాయి. మేం మామూలుగానే ఒకటే పాట చేసి రెండు పేర్లు అతికాం.

సారె రోజున మైకు సెట్టు కుర్రవాళ్లు ఫోన్ చేశారు. చిన్న ఊళ్లో పాట ఆపించేశారు, ఆడవాళ్లు కదలడం లేదు, రండి అన్నారు. ఊరిపేరు తప్పు అతికామేమో అనుకుంటూ బస్సెక్కాను.

వెళ్లి చూస్తే పేరు సరిగ్గానే ఉంది. సారె గంప ఎత్తుకోవాల్సిన కుప్పమ్మ అనే పెద్దావిడ గంప కింద పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంది. ఆ గంప ఎత్తే హక్కు వాళ్ల ఇంటిది. చుట్టూ మిగిలిన ఆడవాళ్లు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు, విసుగుంది.

"ఏం తప్పు జరిగిందమ్మా?" అని అడిగాను.

"పాట రాసింది నువ్వేనా అప్పా?"

"నేనే."

"నీకు ఆడబిడ్డలుండారా?"

"ఒక కూతురుండాది."

"ఆ బిడ్డ ఎండన పడి పుట్టింటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి, పంటలియ్యవే, పాడిని సల్లంగ సూడవే, రోగాలు తోలెయ్యవే అని అడుగుతావా? తిన్నావా బిడ్డా అని అడుగుతావా?"

ఆవిడ గంపలోని కొత్త చీర సర్దింది.

"పెద్దూర్లో ఆయమ్మ అమ్మ. వాళ్లు అడుక్కుంటారు, అడుక్కోనీ. ఈడ మా బిడ్డ. మేము ఇచ్చేవోళ్లమే గానీ అడిగేవోళ్లం గాము. ఎన్ని కరువులొచ్చినా మా ఊరు ఆయమ్మను ఒక్కటి అడిగి ఎరగదు. మీ మైకు తిరపతి దాకా ఇనబడతాది గదా, మా పరువేం గావాల?"

పాట మొత్తం ఒకసారి మనసులో తిప్పుకున్నాను. ఆవిడ చెప్పింది నిజం. మొదటినుంచి చివరిదాకా అడగడం తప్ప వేరే ఏమీ లేదందులో. మార్చిస్తాను, కాస్త టైమివ్వండి అన్నాను. పక్కనే పాల కేంద్రం అరుగు ఉంటే అక్కడ కూర్చున్నాను. మాటలు మాత్రం మారిస్తే చాలు, బాణీ అదే, పాడే ఆమెతో ఫోన్లోనే పాడించి అతికించవచ్చు. ఇలాంటివి టీ తాగేలోపు చేసిచ్చిన రోజులు నాకు కొల్లలు.

ఆ రోజు రాలేదు. ఎటు మొదలుపెట్టినా రెండో లైనుకు పాట చెయ్యి చాపుతోంది. మల్లెపూలు తెచ్చినాము అని రాస్తే, దాని వెంటే మము బ్రోవుమని వచ్చేస్తోంది. చీర పెట్టినాము అంటే, సిరులీయవే అని వస్తోంది. కొట్టేశాను, మళ్లీ రాశాను. జీవితంలో రాసిన పాటలన్నీ గుర్తొచ్చాయి. ఓటడిగిన పాటలు, వరమడిగిన పాటలు, రండి కొనండి అని పిలిచిన పాటలు. ఎవరినీ ఏమీ అడగని పాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. పాల క్యాన్లు కడుగుతున్న మనిషి నా వంక చూసి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు.

లేచి వెళ్లి కుప్పమ్మతో, నాకు రావడం లేదమ్మా అని చెప్పాను.

"రాకపోతే ఏమప్పా? నువ్వు ఊరక కూసో. మేము పాడతాము" అంది.

వాళ్లు పాడిన దాన్లో చెప్పుకోదగ్గ బాణీ లేదు. ప్రతి లైనూ చివర కిందికి దిగిపోతుంది. ఎండలో నడిచొస్తివే, కాళ్లు బొబ్బలెక్కెనా. అత్తోళ్లూరి బాయిలో నీళ్లు తియ్యగుండాయా. సద్ది మూట కట్టినాము, దావలో తినిపోవే. ఇంతే, ఇదే తిప్పి తిప్పి. ఒకావిడ ముందు పోతుంది, ఇంకొకావిడ వెనకబడుతుంది, ఎవరూ సర్దుకోరు. గంప ఎత్తుకుని అలాగే పాడుకుంటూ వెళ్లిపోయారు. ఊరి చివరిదాకా వాళ్ల వెనకే నడిచాను. నాకు అసూయగా ఉంది, ఆ మాట దాచను.

ఇంటికొచ్చి మా ఆవిడ కాంతమ్మకు జరిగింది చెప్పాను. ఆవిడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేసి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అంతా విని, "ఇందులో కొత్తేముండాదయ్యా? నువ్వు ఊరికినే పాడింది నేనెప్పుడూ ఇనలేదు. నీ పెండ్లానికి గూడా పాడలేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు. కూరలో ఉప్పు లేదని చెప్పినట్టు చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రోజు పట్టుకున్న భయం నన్ను వదల్లేదు. ఇదంతా అయిపోయాక నాకంటూ ఒక పాట మిగులుతుందా? లేక నేను కూడా ఊరిపేర్ల కోసం వదిలిన ఖాళీ చోటేనా?

దొరస్వామన్నకు చెబితే నవ్వేశాడు. "ఆ ఊరిపేరు తీసేసి ఇంగో ఊరికి ఏసెయ్. పాట వాళ్లకి వద్దంటే పాట చెడిపోయినట్టా?" అన్నాడు. ఆయన వైపునుంచి చూస్తే అది సబబే. పాట చెడిపోలేదు, ఇంకో ఊళ్లో బాగానే ఆడింది.

ఫోను రాసిన పాట

ఆ మర్నాడే మానేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మానలేదు. పిల్లల చదువులు, కూతురి కాన్పు, ఇంటి పైకప్పు. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాను, రాస్తూనే ఉన్నాను. మీలో ఎవరైనా, మనసు చంపుకుని ఎలా పని చేశారు సార్ అని అడిగితే నా జవాబు ఒకటే. మనసు అంత తేలిగ్గా చావదు, అలిసిపోతుంది. అలిసిన మనసుతో పని బాగానే జరుగుతుంది.

చివరి ఆర్డరు ఒక నాయకుడి పుట్టినరోజుది. ఆయన మనిషి ఒకడు ఫోను పట్టుకుని మా మేడ మీదికి వచ్చాడు. పాట అప్పటికే ఉంది. మాటలు, బాణీ, గొంతు, డప్పులు, అన్నీ ఫోనే చేసిచ్చింది. విన్నాను. శుభ్రంగా ఉంది. పల్లవిలో పులి, చరణంలో పేదల దేవుడు, నేను పెట్టే చోట్లలోనే పెట్టింది.

"అంతా బాగుండాది సార్. మన పల్లెల పేర్లే తప్పు పలకతా ఉండాది. ఆ పేర్లొకటి సరిగ్గా పాడించి అతికిస్తే సాలు" అన్నాడు.

చేసిచ్చాను. నాకు యంత్రం మీద కోపం రాలేదు. కవులు, గాయకులు సభలు పెట్టి యంత్రాన్ని తిడుతున్నారు, తిట్టనీ. నేను ఎప్పటినుంచో ఆ పనే చేస్తున్నాను, అది ఇప్పుడొచ్చింది, అంతే తేడా. దానికి కాఫీ ఇవ్వక్కర్లేదు, గొంతు బొంగురుపోదు.

ఆ కుర్రాడు మెట్లు దిగాక దొరస్వామన్నతో చెప్పాను, రేపటినుంచి రానని.

"యాడికి పోతావు?"

"యాడికీ పోను. ఇంట్లోనే ఉంటా."

"ఇంట్లో ఏం జేస్తావు?"

"పాడుకుంటా."

"దానికి ఎవురన్నా పని మానుకుంటారా అప్పా?" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి మెట్ల దాకా వచ్చాడు. అంతే నా పదవీ విరమణ సభ.

చెయ్యి మాట వినలేదు

మానేస్తే పాట దానంతటదే వస్తుందనుకున్నాను. పొరపాటు. హార్మోనియం ముందు కూర్చుంటే చెయ్యి దానికి అలవాటైన దారినే పోతుంది. అయ్యప్ప సీజను బాణీ, జాతర బాణీ, నగల దుకాణం బాణీ. తప్పించుకుని కొత్తగా ఏదైనా వచ్చిందని సంబరపడితే, అది ఫలానా ఎన్నికల్లో ఓడిపోయినాయన పాట అని పది నిమిషాలకు గుర్తొచ్చేది. చాలా నెలలు హార్మోనియం మీద గుడ్డ కప్పి పెట్టాను. ఆ నెలల్లో నేను మంచి మనిషిని కాను, కాంతమ్మను అడగండి చెబుతుంది.

మెల్లగా ఒక దారి దొరికింది. పల్లవి లేకుండా మొదలుపెట్టడం. మాటల జోలికి పోకపోవడం. ఒక స్వరం పట్టుకుని హార్మోనియం తిత్తి ఊదుతూ, అది విసుగు పుట్టేదాకా ఉండి, అప్పుడు పక్కదానికి పోవడం. మూడు నాలుగు స్వరాల్లో తిరుగుతాను. అది ఎటూ ముగియదు. కాంతమ్మ కాఫీకి పిలిస్తే లేస్తాను.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. నాకోసం నేను చేసుకునే ఈ సంగీతం చాలావరకు బాగుండదు. బయట చెప్పే కథల్లో, ఉద్యోగం వదిలిన కళాకారుడు ఇంట్లో కూర్చుని గొప్పది చేస్తాడు. నాకలా జరగలేదు. ఊరందరికీ వండిపెట్టిన మనిషి తనొక్కతే ఉన్న రోజున అన్నం, ఊరగాయతో సరిపెట్టుకుంటుంది చూడండి, నాదీ అంతే. కొన్ని రోజులు, ఇంతేనా, దీనికోసమేనా ఇంత బెంగపడ్డాను అనిపిస్తుంది. అయినా మర్నాడు కూర్చుంటాను. ఎందుకో నాకూ తెలియదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేనిచ్చే సలహా చిన్నది. డబ్బుకోసం రాయడాన్ని చిన్నచూపు చూడకండి, అది నిజాయితీగల పని. కానీ ఎవరూ అడగనిది ఏదో ఒకటి చేయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, బాగున్నా బాగలేకున్నా. దాన్ని ఎవరికీ వినిపించకండి, నెట్‌లోకి ఎక్కించకండి. తర్వాత చేసుకుందాంలే అనుకుంటే, తర్వాత చెయ్యి మాట వినదు.

దొరస్వామన్న వచ్చిన మధ్యాహ్నం

సరోజమ్మ వదిన పోయింది. చాలా రోజులు మంచాన ఉండి పోయింది. ఏడాది తద్దినం దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం దొరస్వామన్న బస్సులో మా ఇంటికొచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కాంతమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"అప్పా, ఒక పాట గావాల" అన్నాడు. "యాపారం గాదు. మీ వదినకు. తద్దినం రోజు ఏస్తాము. చెన్నై నించి ఆ పాడే ఆమెను పిలిపిస్తా. నువ్వు రాస్తేనే బాగుంటాది."

నన్ను అన్నం తినే మనిషిని చేసినవాడు అడుగుతున్నాడు. వదిన చేతి కూడు ఎన్నేళ్లు తిన్నానో నాకు లెక్కలేదు. ఒప్పుకోవడానికే నోరు తెరిచాను. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే నా లోపల పాట తయారైపోయింది. ఇంటి దీపం, కరుణామూర్తి, అన్నపూర్ణ. ఎంతమంది షావుకార్ల భార్యలకో రాసిన పాట అది. పేరు దగ్గర ఖాళీ ఉంది. సరోజమ్మ అనే పేరు అందులో చక్కగా, ఎక్కడా ఒరుసుకోకుండా, పడిపోయింది.

తెరిచిన నోరు మూసుకున్నాను.

"రాయలేనన్నా" అన్నాను.

"ఏం?"

"ఆ పాట నా తావ తయారుగా ఉండాది. వదిన పేరు అతికిస్తే సాలు. అందుకే ఇయ్యను."

ఆయనకు అర్థమయింది. ఆ చోటు సంగతి ఆయన కంటే ఎవరికి తెలుసు? కానీ ముఖం వాడిపోయింది. గ్లాసు కింద పెట్టి, "మరి నేనేం జేసేది అప్పా? ఆయమ్మకు నేనేం ఇచ్చేది?" అన్నాడు. ఆయన కాదనిపించుకుని మా ఇంటినుంచి వెళ్లిపోతే జీవితంలో మళ్లీ హార్మోనియం ముట్టుకోలేనని నాకనిపించింది. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. చేతనైంది ఒకటే కాబట్టి హార్మోనియం మీది గుడ్డ తీసి, రోజూ చేసేలాగే ఒక స్వరం పట్టుకున్నాను.

"వదినతో ఏం జెప్పాలనుండాదన్నా నీకు?"

"జెప్పేదేముండాది..." అన్నాడు. నేను స్వరం ఆపలేదు. అప్పుడు మాట్లాడడం మొదలుపెట్టాడు, నాతో కాదు. "మోటరు కాలిపాయ సరోజా. వైండింగుకు ఇచ్చినాను. పాలాయప్ప మారినాడు, ఈయప్ప నీళ్లు కలపతా ఉండాడు. మిక్సీ జారు మూత యాడ పెట్టినావో, ఎతికి ఎతికి సాలైపాయ. ఊరిబిండి నూరుదామనుకుంటి, మూత లేకుండా యెట్ల..."

స్వరం కింద ఉండడంవల్లనేమో, ఆయన మాట మెల్లగా సాగడం మొదలైంది. పాయ అన్నచోట ఆగుతున్నాడు, సరోజా అన్నచోట లాగుతున్నాడు. శ్రుతిలో లేదు. నా స్వరానికి ఆయన కాస్త కిందున్నాడు, అక్కడినుంచి ఇంకా కిందికి జారుతున్నాడు. ఎంతోమంది గాయకుల్ని సరిచేసిన నోరు నాది. ఆ రోజు ఆ పని చేయలేదు. ఆయన జారినచోటికి నేనే వేలు మార్చుకున్నాను. ఆయన మళ్లీ జారాడు, నేను మళ్లీ మారాను. ఎక్కడికి పోతున్నామో నాకు తెలియదు, ముందు ఏ స్వరమొస్తుందో నా చేతికి తెలియదు. ఇన్ని నెలలు నాకోసం పాడుకోవడమంటే ఒక్కడినే కూర్చుని పాడుకోవడం అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వంటింటి గడప దగ్గర కాంతమ్మ నిలబడి ఉంది.

మూత సంగతి మూడుసార్లొచ్చింది. చివరికి మాటలైపోయి వట్టి శ్వాస మిగిలితే తిత్తి ఆపాను.

ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు. గుండీలు సరిగ్గా పెట్టుకోమని కాంతమ్మ చెబితే పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగాడు.

"అప్పా, దీన్ని యాడా మైకులో ఏయద్దు" అన్నాడు.

"దేన్నన్నా?"

"అదే. ఇప్పుడు నేను పాడింది."

ఎక్కడా వేయనని మాటిచ్చి, బస్సు దాకా ఆయనతో నడిచాను.